గుడి లేని జాగా చూసినవాడు

మా తాత ఇనుప పెట్టెలోని భూమి కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి, వాటి మీద వేసిన సంవత్సరాలేమో నిజాం రాజ్యంలో శిస్తు లెక్కలకు వాడిన ఫసలీ సంవత్సరాలు. నేను ఐదో తరగతి చదువుతున్న 1972లో, ఎండకు పెట్టడానికి ఆయన ఆ పెట్టె తెరిచినప్పుడు, ఒక కాగితం మీది తేదీని చదివి వినిపించమని అడిగాను. మిషన్ బడిలో నేర్చుకున్న ఉర్దూ అంకెలను వేలితో చూపిస్తూ ఆయన పదమూడు వందల యాభై అని చదివారు. తాత అంత పాతకాలపు మనిషా అని నేను కళ్లు పెద్దవి చేస్తే, ఆయన నవ్వి, దానికి ఐదు వందల తొంభై కలుపుకొమ్మన్నారు. పలక మీద కలిపి చూస్తే 1940 వచ్చింది. రెండెకరాల చెలక కొన్న ఏడు అది. మెదక్ పెద్ద గుడి, అంటే అక్కడి పెద్ద చర్చి, ప్రతిష్ఠ అయిన ఏడును కూడా ఆయన మొదట ఫసలీలోనే చెప్పి, తర్వాత నా కోసం 1924 అని మార్చి చెప్పేవారు.

తాత పుట్టింది, పెరిగింది, మట్టిలో కలిసింది మెదక్ దగ్గరి ఒక చిన్న ఊళ్లోనే. ఆయన ఊరు దాటి కాపురం మార్చలేదు గాని, ఆయన చుట్టూ రాజ్యాలు మారాయి. నిజాం ప్రజగా పుట్టి, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత ఇండియా పౌరుడై, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌వాడయ్యారు. ఆయన బాప్తిస్మం పొందింది వెస్లీయన్ మిషన్‌లో. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సంఘాలన్నీ కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడితే, ఆయన అదే చాప మీద, అదే గోడ పక్కన కూర్చుని కొత్త సంఘ సభ్యుడయ్యారు. నానమ్మ దగ్గర చార్మినారు బొమ్మ గల నిజాం నాణేలు, హాలీ సిక్కా వెండి రూపాయలు, ఒక గుడ్డ మూటలో ఉండేవి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయలు, అనే లెక్క ఆమెకు చివరిదాకా కంఠతా ఉండేది. ఆ నాణేలు చెల్లకుండా పోయినప్పుడు ఆమె వాటిని వెండి ధరకు అమ్మి, ఒక్కటి మాత్రం ఉంచుకున్నారు. ఇప్పుడది నా దగ్గర ఉంది.

ఇన్ని మార్పుల మధ్య బతికిన మనిషికి లోకం మీద చికాకు కలిగి ఉండవచ్చుననుకుంటాము, కాని తాతలో నేను అది చూడలేదు. ఆయన మా ఊరి సంఘానికి ఉపదేశి, అంటే వాక్యం చెప్పి ఆరాధన నడిపేవారు. ప్రతి సాయంత్రం దీపం వెలిగించగానే అరుగు మీద కూర్చుని, మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకొని, ఎప్పుడూ ఒకే మాటతో ప్రార్థన మొదలుపెట్టేవారు. అది తొంభయ్యవ కీర్తన మొదటి వాక్యం: "ప్రభువా, తరతరములనుండి మాకు నివాసస్థలము నీవే." ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, ఆ వాక్యపు భాష వేరొకటి. అయినా ఆయన నోట ఆ గ్రాంథికం మా యాసలోనే పలికేది. రోజూ అదే మాటేమిటని మా చిన్నాన్న ఒకసారి అడిగితే, "రోజు అన్నమే తింటలేవా?" అన్నారు తాత. అందులో కసురుకోవడం లేదు. ఆయన నిజంగానే ఆ మాటను అన్నంలా తినేవారు.

ఆ కీర్తన మోషే ప్రార్థన అని పైన రాసి ఉంటుంది. నలభై ఏళ్లు ఎడారిలో గుడారాలు పీకుతూ, వేస్తూ తిరిగినవాడు, సొంత ఇల్లు అనేదే లేనివాడు, దేవుణ్ణి పట్టుకొని నివాసస్థలమని పిలిచాడన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా, నేనే తెలుగు ఉపాధ్యాయుడినై పద్యాలకు సందర్భాలు చెప్పే వయసు వచ్చాక తట్టింది. తాతకు మాత్రం అది ఎప్పుడో తెలిసే ఉంటుంది.

క్రిస్మసుకు మేము ఎడ్ల బండి కట్టుకొని మెదక్ వెళ్లేవాళ్లం. గడ్డి పరిచి దాని మీద బొంత వేసి, సద్ది మూటలు కట్టుకొని, ముందు రోజు మధ్యాహ్నమే బయలుదేరేవాళ్లం. దూరం నుంచి ముందుగా కనిపించేది గోపురం. దాదాపు 175 అడుగుల ఆ గోపురం చదునైన పొలాల మీదుగా ఎంత దూరం నుంచి చూసినా అక్కడే నిలబడి ఉన్నట్టు ఉండేది, బండి నడుస్తున్నా మేము దానికి దగ్గరవుతున్నట్టే తోచేది కాదు. ఆవరణలో వందల బండ్లు, మూడు రాళ్ల పొయ్యిలు, ఎక్కడ చూసినా పొగ, పాటలు. తెల్లవారుజామున చలిలో వణుకుతూ లోపలికి వెళితే, ఆ ఎత్తయిన కప్పు కింద మనిషి గొంతు ఎలా మారిపోయేదో ఇప్పటికీ నా చెవులకు తెలుసు.

ఆ 1972 క్రిస్మసు మధ్యాహ్నం, జనం పలచబడ్డాక, నేనొక స్తంభాన్ని రెండు చేతులతో కౌగిలించుకోబోయి, చేతులు అందక, తాతతో అన్నాను: "తాతా, ఈ గుడి దేవుడున్నప్పటి నుంచి ఉన్నదా?" నా దృష్టిలో దేవుడూ ఆ రాయీ ఒకటే వయసువి. తాత వెంటనే జవాబు చెప్పలేదు. నన్ను బయటికి తీసుకొనిపోయి, మెట్ల కింద నిలబెట్టి, చేయి అటూ ఇటూ తిప్పుతూ చూపించి అన్నారు: "బిడ్డా, ఈ గుడి లేని జాగ నేను చూసిన. ఈడ ఉత్త నేల ఉండె. ఈ గోడలకు నేను సున్నం మోసిన."

కరువు కాలంలో ఆకలితో ఉన్నవాళ్లకు ఊరికే పెట్టడం కాక పని చూపించి కూలి ఇవ్వాలని వెస్లీయన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ తలపెట్టిన కట్టడమది. 1914లో పని మొదలై పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. పని మొదలైనప్పుడు తాతకు పదేళ్లు. వాళ్ల అమ్మానాన్నలు రాళ్లు మోస్తే, తాత చిన్న గంపతో సున్నం అందించేవారట. మా వాళ్ల ఆకలి తీర్చిన గుడి అది, అందుకని మా ఇంట్లో ఎవరూ దాని పేరు తేలికగా ఎత్తేవారు కాదు. అయినా ఆ రోజు తాత ఆ గుడిని నా మనసులోని సింహాసనం మీది నుంచి మెల్లగా దించారు. "మేం కట్టింది గద, ఎప్పటికన్న పాతవడ్తది. గుడి లేని జాగ చూసినోన్ని నేనున్న. దేవుడు లేని జాగ చూసినోడు ఎవడన్న ఉన్నడా?" అన్నారు.

ఈ ప్రశ్న వెనుక ఎంత పెద్ద వేదాంతం ఉందో అప్పుడు నాకు తెలియదు. పర్వతములు పుట్టకమునుపు, భూమిని లోకమును పుట్టింపకమునుపు నీవే దేవుడవు అని ఆ కీర్తన రెండో వచనం చెప్పేది ఇదే. మనకు శాశ్వతంగా కనిపించే ప్రతిదానికీ అది లేని రోజును చూసిన సాక్షి ఒకడు ఎక్కడో ఉంటాడు. గోల్కొండ రాళ్లకైనా అటువంటి కూలివాడు ఒకప్పుడు ఉండే ఉంటాడు. ఆ సాక్షులలో ఒకరు నా చేయి పట్టుకొని నిలబడి ఉండడం నా భాగ్యం.

తర్వాత మళ్లీ లోపలికి వెళ్లి కిటికీల ముందు కూర్చున్నాము. మెదక్ చూసినవారికి ఆ రంగు అద్దాల కిటికీల గురించి చెప్పనక్కరలేదు. బలిపీఠం వెనుక క్రీస్తు ఆరోహణము, ఇరువైపులా ఒకచోట ఆయన జననము, మరొకచోట సిలువ మరణము ఉంటాయి. వాటిని చిత్రించినవారు ఫ్రాంక్ సాలిస్‌బరీ. గుడి ప్రతిష్ఠ నాటికి అవేవీ లేవు. ఆరోహణపు కిటికీ 1927లో, జననపు కిటికీ 1947లో, సిలువ కిటికీ 1958లో వచ్చాయి. ఆ మూడింటి రాకను చూసిన తాత, ఒక్కొక్కటి వచ్చినప్పుడు జనం ఎట్లా వెళ్లి చూశారో చెప్పేవారు. వెలుతురు బయటి నుంచి పడితేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి. సాయంత్రం కావస్తుంటే మరియ నీలి వస్త్రం నల్లబడడం, పసిబాలుని ముఖం అద్దంలోకి వెనక్కి వెళ్లిపోవడం చూసి నాకు ఏడుపు వచ్చింది.

యాకోబు పత్రికలో దేవుణ్ణి జ్యోతిర్మయుడగు తండ్రి అని పిలిచిన చోట, "ఆయనయందు ఏ చంచలత్వమైనను గమనాగమనములవలన కలుగు ఏ ఛాయయైనను లేదు" అని ఉంటుంది. ఆదివారపు బడిలో మేము దాన్ని అర్థం తెలియకుండానే బట్టీ పట్టాము. గమనాగమనములంటే రాకపోకలని చెప్పి, సూర్యుడు వస్తాడు, పోతాడు, వాడితో పాటే నీడ జరుగుతుంది, దేవునిలో అటువంటి జరగడం లేదని తాత విడమరిచారు. అప్పుడు నేను, ఆ ఏడే భూగోళంలో చదువుకున్న పాఠం గుర్తొచ్చి, "కాదు తాతా, సూర్యుడు పోడు. భూమే తిరుగుతది, మా సారు చెప్పిండు" అన్నాను. తాత ముఖంలో కలిగిన సంతోషాన్ని ఇప్పటికీ మరచిపోలేను. మనవడు తప్పు పట్టాడని చిన్నబుచ్చుకోకుండా, కాసేపు ఆ నల్లబడిన అద్దం వైపే చూసి, "గట్లనా? అయితె తిరిగేది మనమే" అన్నారు. ఆ తర్వాతి ఆదివారం ఊరి గుడిసెలో జరిగిన ఆరాధనలో అదే ఆయన ప్రసంగం. పేరు చెప్పకుండా "ఒక పిల్లగాడు నాకు చెప్పిండు" అంటూ, చీకటి పడిందంటే వెలుతురు చచ్చిపోయిందని కాదు, మనమే పక్కకు తిరిగామని చెప్పారు.

ఆయన చెప్పిన ఉపమానాలన్నీ అంత చక్కగా కుదరలేదు, అది కూడా చెప్పాలి. మార్పులేని దేవుడికి ప్రార్థన ఎందుకని సంఘంలో ఎవరో అడిగితే, "బాయి కదలది. బిందె పట్టుకొని మనమే పోవాలె" అని తాత చెప్పిన మాట ఊళ్లో అందరికీ నచ్చింది. కాని అది 1972 కరువు. ఎండాకాలం వచ్చేసరికి మా చేదబావి అడుగున బురద మాత్రం మిగిలింది. మా నాయన, చిన్నాన్న దిగి పూడిక తీసినా ఊట రాలేదు. ఆ ఆదివారం తాత సంఘం ముందు నిలబడి, తన పోలిక తప్పిందని, బావి ఎండుతుందని, దేవునికి పోలిక చెప్పబోయి తాను ఎండే వస్తువును తెచ్చానని ఒప్పుకున్నారు. యిర్మీయా గ్రంథంలో దేవుడు తనను జీవజలముల ఊట అని చెప్పుకున్న చోటు తీసి చదివి, ప్రసంగం చేయకుండానే కూర్చున్నారు. మామూలు రోజుల్లో ఎన్ని ప్రసంగాలు విన్నానో గాని, చేయని ఆ ప్రసంగమే నాలో మిగిలింది.

1981లో తాత పోయారు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఆ తర్వాత కొన్నేళ్లకు మట్టి మిద్దె వానకు కూలింది, అరుగు పోయింది, మేము ఉద్యోగాల వెంట తలో చోటికి చెదిరిపోయాము.

1998లో నా భార్య జబ్బుపడింది. పదినెలలు ఆసుపత్రుల చుట్టూ తిరిగాము. అప్పుడు ప్రార్థించినట్టు నా జీవితంలో మరెన్నడూ ప్రార్థించలేదు, ఉపవాసాలున్నాను, తెల్లవారుజామున వరండా బెంచీ మీద కూర్చుని తాత పలికిన ఆ మొదటి వాక్యాన్నే పలికాను. మరుసటి ఏడాది ఆమె వెళ్లిపోయింది. మా పాపకు అప్పుడు ఆరేళ్లు. ఆ తర్వాత చాలా నెలలు నేను గుడికి వెళ్లాను గాని నోరు తెరవలేదు. మార్పులేనివాడు అనే మాట నాకు ఆదరణగా కాక, మూసిన తలుపులా వినిపించింది. కదలని రాతికి మొర పెట్టుకున్నానా అనిపించింది. పదేళ్ల వయసులో నేను కౌగిలించుకోబోయిన స్తంభమే మళ్లీ నా ముందు నిలబడింది.

నన్ను అక్కడి నుంచి కదిలించింది ఒక చిన్న అవ్యయం. తరగతిలో వాక్య సంబంధాలు చెప్పడం నా వృత్తి కాబట్టి కాబోలు, మా అమ్మ ఒక రాత్రి పాపను పడుకోబెడుతూ మలాకీ గ్రంథం చదువుతుంటే నా చెవి దాని దగ్గర ఆగింది: "యెహోవానైన నేను మార్పులేనివాడను గనుక యాకోబు సంతతివారైన మీరు లయము కాలేదు." గనుక అనే ఆ మాట కారణాన్ని చెబుతుంది. ఆయన మార్పులేనితనం ఎక్కడో ఆకాశంలో ఉన్న ఒక లక్షణం కాదు, మాట తప్పిన జనాన్ని విడిచిపెట్టకపోవడానికి అది కారణం. వాళ్లు మారినప్పుడల్లా ఆయన కూడా మారి ఉంటే వాళ్లు మిగిలేవారే కాదు. మౌనంగా, కోపంగా, ముఖం తిప్పుకొని ఉన్న ఆ నెలల్లో నేను నిర్మూలం కాకుండా, పాపకు జడ వేసి బడికి పంపుతూ బతికే ఉన్నానంటే, నా మనసును బట్టి ఆయన మనసు మారలేదనే కదా అర్థం.

రాయి మారదు, ఎందుకంటే దానికి ఏమీ పట్టదు. దేవుడు మారడు, ఎందుకంటే ఆయన ప్రేమ తరిగేది కాదు, అలిసేది కాదు. ఈ రెంటికీ ఉన్న తేడా తెలియడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది. యెరూషలేము కూలిపోయిన తర్వాత ఆ శిథిలాల మధ్య పుట్టిన విలాపవాక్యములలో దేవుని వాత్సల్యత యెడతెగక నిలుచునది అని ఉంది, ఆ వెంటనే అది అనుదినము నూతనముగా పుట్టుచున్నది అని కూడా ఉంది. ఎడతెగనిది రోజూ కొత్తగా ఎలా పుడుతుందని వ్యాకరణం అడగవచ్చు. రోజూ ఆకలైన పిల్లవాణ్ణి అడిగితే తెలుస్తుంది. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు. నిన్న, నేడు ఒక్కటే రీతిగా ఉన్నవాడు ఆయనే అయితే, ఆ కన్నీళ్లు విడిచిన హృదయం కూడా నేటికీ అదే. నా భార్య మంచం పక్కన నేను ఒంటరిగా ఏడవలేదని నమ్ముతున్నాను. ఆమె ఎందుకు బతకలేదన్న ప్రశ్నకు ఇది జవాబు కాదు, ఆ జవాబు నాకు ఎవరూ ఇవ్వలేదు.

హెబ్రీయులకు రాసిన పత్రికలోని ఆ మాట, "యేసుక్రీస్తు నిన్న, నేడు, ఒక్కటే రీతిగా ఉన్నాడు, అవును యుగయుగములకును ఒక్కటే రీతిగా ఉండును" అనేది మన గుళ్ల గోడల మీద, క్యాలెండర్ల మీద, ఆటోల వెనుక కూడా కనిపిస్తుంది. అది పదమూడో అధ్యాయం ఎనిమిదో వచనం. దాని ముందున్న ఏడో వచనాన్ని గోడ మీద రాసినవారిని నేను చూడలేదు, నాకది కొంచెం బాధ కలిగిస్తుంది. మీకు దేవుని వాక్యము బోధించినవారిని జ్ఞాపకము చేసికొనుడి, వారి ప్రవర్తన ఫలమును తలంచుకొని వారి విశ్వాసమును అనుసరించుడి అని ఆ వచనం చెబుతుంది. బోధించినవారు గతించారు, వాళ్లను గుర్తు చేసుకొమ్మంటున్నాడు రచయిత, ఆ వెంటనే గతించనివాడి పేరు ఎత్తుతున్నాడు. నిన్న అంటే నాకు తాత అరుగు మీద కూర్చున్న సాయంత్రం. ఆ నిన్నలో ఆయన పిలిస్తే పలికినవాడే ఈ నేడులో నా దగ్గర ఉన్నాడు. అందుకే తాతను తలుచుకోవడం నాకు వెనక్కి వెళ్లడంలా ఉండదు.

2024 డిసెంబరులో మెదక్ గుడికి నూరేళ్లు నిండాయి. మా పాప, అల్లుడు, నాలుగేళ్ల మనవడితో కలిసి వెళ్లాను. మేము బతుకుతున్న రాష్ట్రం మళ్లీ మారింది, 2014 నుంచి అది తెలంగాణ. జిల్లా కూడా 2016లో మూడు ముక్కలైంది. ఎడ్ల బండ్లు నిలిచిన చోట కార్లు, బస్సులు నిలిచాయి. తెల్లవారుజామున లోపలికి వెళ్లేసరికి కిటికీలు మూడూ నల్లగానే ఉన్నాయి. జనం పాడుతూనే ఉన్నారు. అద్దం రంగు తేరుకునే వేళకు మనవడు నా భుజం మీద నిద్రపోయాడు.

మధ్యాహ్నం, తాత నన్ను నిలబెట్టిన మెట్ల కిందే వాణ్ణి నిలబెట్టాను. ఈ గుడి లేని జాగాను మా తాత చూశాడని చెప్పాను. వాడు నేల వైపు చూసి, నా వైపు చూసి, అన్నం ఎప్పుడని అడిగాడు. చెట్టు కింద దుప్పటి పరిచి, మా పాప డబ్బాలు విప్పి, ప్రార్థన చేయమంది. కళ్లు మూసుకున్నాను. ఏం చెప్పాలో ఆలోచించుకోకముందే, ప్రభువా, తరతరములనుండి మాకు నివాసస్థలము నీవే అని నోట వచ్చింది. యాస తాతదే.